ఎక్సెల్ టెంప్లేట్‌లో మాక్రోలు జాబితాలో కనపడకుండా చేయడం ఎలా? ఒక్క క్లిక్‌తో కాటా లెక్కంతా పోయింది

కాటా_లెక్క
మాది భీమవరం దగ్గర రొయ్యల కొనుగోలు ఆఫీసు. పట్టుబడి ఉన్న ప్రతి చెరువు గట్టుకీ ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్తాడు. అందరి దగ్గరా ఒకటే ఎక్సెల్ టెంప్లేట్. బరువులు ఎక్కిస్తూ పోతే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో) తేల్చి, రేటు వేసి, చీటీ ప్రింటు ఇచ్చేస్తుంది. మాక్రోలు, అంటే ఒక్క నొక్కుతో పని చేసిపెట్టే కోడ్ ముక్కలు, నేనే రాశాను, మొత్తం 14. బటన్లకు తగిలించినవి 3. మిగతా 11 లోపల ఒకదాన్నొకటి పిలుచుకునేవి, ఎవరూ నేరుగా నడపకూడనివి.

మొన్న తెల్లవారుజామున ఆకివీడు వైపు ఒక గట్టు మీద ప్రింటు బటన్ కదలకపోతే కుర్రాడు మాక్రోల జాబితా తెరిచే ఆల్ట్ ఎఫ్8 నొక్కాడు. 14 పేర్లూ వచ్చాయి. వాటిలో "షీట్ క్లియర్" అన్నది ప్రింటర్ సంగతేదో అనుకుని రన్ కొట్టాడు. 2 టన్నుల పైన కాటా మొత్తం పోయింది. కంట్రోల్ జెడ్ ఎన్నిసార్లు కొట్టినా తిరిగి రాలేదు. రైతు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్న అంకెలు చూసి మళ్ళీ ఎక్కించాం. ఆయన రాసుకోకపోయి ఉంటే ఏం చేసేవాళ్ళమో తెలియదు. ఆ కుర్రాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తప్పు వాడిది కాదు, ఆ పేరు వాడికి కనపడేలా వదిలింది నేను.

ఆ 11 జాబితాలో కనపడకూడదు, బటన్లు మాత్రం పని చేయాలి. దారి చెప్పండి.

తణుకు_మిల్లు
కోడ్‌లో ప్రతి సబ్ (ఒక్కో మాక్రో మొదలయ్యే మాట) ముందు ప్రైవేట్ అని పెట్టండి. ఆల్ట్ ఎఫ్8లో రాదు. ఐదు నిమిషాల పని.

మాడ్యూల్_మాస్టారు
తణుకు_మిల్లు గారు చెప్పినది సగమే పని చేస్తుందండి. ప్రైవేట్ సబ్‌ని అదే మాడ్యూల్లోని (కోడ్ రాసే ఒక్కో పేజీ మాడ్యూల్) సబ్ మాత్రమే పిలవగలదు. కాటా_లెక్క గారి మాక్రోలు రెండు మూడు మాడ్యూళ్ళలో ఉంటే "సబ్ ఆర్ ఫంక్షన్ నాట్ డిఫైన్డ్" అని ఆగిపోతుంది.

నేనైతే ఇలా చేస్తాను. బటన్ల 3 మాక్రోలూ ఒక మాడ్యూల్లో ఉంచి, మిగతా 11నీ ఇంకో మాడ్యూల్లోకి మారుస్తాను. ఆ రెండో మాడ్యూల్ పైన, అన్నిటికంటే ముందు, ఆప్షన్ ప్రైవేట్ మాడ్యూల్ అని ఒక్క లైను రాస్తాను. అప్పుడు ఆ 11 ఆ వర్క్‌బుక్‌లో ఏ మాడ్యూల్ నుంచి పిలిచినా పలుకుతాయి. ఆల్ట్ ఎఫ్8 జాబితాలో మాత్రం రావు. సబ్‌ల ముందు ప్రైవేట్ అక్కర్లేదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. పేరు తెలిసినవాడు ఆ పెట్టెలో పేరు టైపు చేసి రన్ కొడితే నడుస్తుంది. ఇది పొరపాటు నొక్కుళ్ళను ఆపడానికే.

అమలాపురం_అమ్మాయి
ఇంకో చిన్న ఉపాయం. సబ్ పేరు పక్కన బ్రాకెట్లలో ఏదో ఒక ఆప్షనల్ ఆర్గ్యుమెంట్ పెడితే కూడా జాబితాలో కనపడదు. ఒకటి రెండింటికి బాగుంటుంది. 11కీ పెట్టాలంటే చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది, మాస్టారు చెప్పినదే నయం.

కాటా_లెక్క
మాస్టారూ, చేశాను. జాబితాలో ఇప్పుడు మూడే కనపడుతున్నాయి. ప్రాణం లేచొచ్చింది. కానీ కంట్రోల్ జెడ్ ఎందుకు పని చేయలేదు? అది ఇంకా మింగుడు పడటం లేదు.

పాత_ఫ్లాపీ
మాక్రో నడిచి షీట్‌ని మారిస్తే ఎక్సెల్ తన అండూ జాబితాను తుడిచేస్తుంది. మాక్రో చేసినదే కాదు, దానికి ముందు మీరు చేత్తో కొట్టినవి కూడా వెనక్కి రావు. వీబీఏ, అంటే మాక్రోలు రాసే భాష, 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది. అప్పటి నుంచీ నేను చూస్తున్నది ఇదే. అందుకని తుడిచే మాక్రో ఎవరు రాసినా రెండు పనులు చేసి తీరాలి.

మొదటిది, తుడిచే ముందు ఆ షీట్‌ని కాపీ తీసి, తేదీ, టైము పేరుగా పెట్టి పక్కన ఉంచాలి. డిస్కులో నాలుగు కేబీ ఎక్కువ పడితే నష్టం లేదు.

రెండోది, అడగాలి. అయితే మెసేజ్ బాక్స్‌లో ఎస్, నో పెడితే ముందుగా ఎస్ మీదే వెలుగు ఉంటుంది. కంగారులో ఎంటర్ కొట్టేవాడికి ఆ ప్రశ్న ఉన్నా లేనట్టే. వీబీ డీఫాల్ట్ బటన్2 అని కలిపితే వెలుగు నో మీదికి పోతుంది. గట్టు మీద చేతులు తడిగా ఉండి ఏదో ఒకటి తగిలే పనికి ఇది చాలా ముఖ్యం.

మాక్రో దాచడం కంటే ఈ రెండే మీ రైతు పుస్తకం చేసిన పనిని చేస్తాయి.

కడియం_నర్సరీ
మేము అడిగే ప్రశ్న తెలుగులో పెడదామని చూశాం. మొక్కల లెక్క రాసే అమ్మాయిలకు ఇంగ్లీషు అంత రాదు. "నిజంగా తీసేయాలా?" అని రాస్తే తెర మీద అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయి. ఎవరికైనా దారి దొరికిందా?

మాడ్యూల్_మాస్టారు
వీబీఏ ఎడిటర్‌కి యూనికోడ్ తెలియదండి, తెలుగు అక్షరాలు అందులో నిలవవు. మెసేజ్ బాక్స్ కూడా అంతే, సెల్‌లోంచి తెలుగు చదివి ఇచ్చినా ప్రశ్నార్థకాలే చూపిస్తుంది. తెలుగు వాక్యాలను ఒక షీట్‌లో సెల్స్‌లో రాసుకోండి. చిన్న యూజర్ ఫారం (మనమే తయారు చేసుకునే పెట్టె) ఒకటి చేసి, దాని లేబుల్‌కి ఆ సెల్ విలువ ఇవ్వండి. లేబుల్ తెలుగును చక్కగా చూపిస్తుంది. ఎస్, నో బటన్ల మీద కూడా అవును, వద్దు అని అదే పద్ధతిలో పెట్టుకోవచ్చు.

కడియం_నర్సరీ
వచ్చింది! లేబుల్‌లో తెలుగు వచ్చింది! మా కడియపులంక ఆఫీసులో అందరినీ పిలిచి చూపించాను.

తణుకు_మిల్లు
అసలు విషయానికి వస్తే, ఇంత కష్టం దేనికి? వీబీఏ ప్రాజెక్ట్‌కి పాస్‌వర్డ్ పెట్టి తాళం వేస్తే సరి. టూల్స్, ప్రాపర్టీస్, ప్రొటెక్షన్, లాక్ ప్రాజెక్ట్ ఫర్ వ్యూయింగ్. మేము మిల్లులో అదే చేశాం. క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం లెక్క అందులోనే ఉంటుంది, ఎవడూ చెయ్యి పెట్టలేడు.

అమలాపురం_అమ్మాయి
ప్రాజెక్ట్‌కి పాస్‌వర్డ్ పెట్టినా ఆల్ట్ ఎఫ్8 జాబితాలో పేర్లు వస్తూనే ఉంటాయండి. కోడ్ చూడనివ్వదు, నడపనిస్తుంది. కాటా_లెక్క గారికి జరిగింది దానితో ఆగదు.

పాలకొల్లు_కిరాణా
ఆ పాస్‌వర్డ్ మాట వింటేనే నాకు భయం. నా సంగతి చెప్తాను, పెద్దదే, ఓపికగా చదవండి.

మా హోల్‌సేల్ బిల్లు టెంప్లేట్ ఒకాయన చేసిచ్చాడు. చాలా బాగా చేశాడు, ఆరేళ్ళు ఒక్క ఇబ్బంది లేదు. జీఎస్టీ శాతాలన్నీ కోడ్‌లో పెట్టి తాళం వేశాడు. "ఎవరూ పాడు చేయకుండా" అన్నాడు, మేమూ సంతోషించాం. తరవాత ఆయన ఊరు మారాడు, నంబరు మారింది. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారాయి కదా, నెయ్యి 12 నుంచి 5 శాతానికి వచ్చింది. దసరా మొదలైన రోజది. కొట్టు నిండా జనం. మా బిల్లు మాత్రం నెయ్యికి 12 శాతమే వేస్తోంది. ఎక్కడ మార్చాలో తెలుసు, అక్కడికి వెళ్ళే దారి లేదు. మూడు రోజులు బిల్లు పుస్తకం తీసి చేత్తో రాశాం. మా నాన్నగారు కార్బన్ పేపర్లు వెతికి తెచ్చారు. ఆ మూడు రోజుల బిల్లులు మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఇంకో వారం పట్టింది.

ఆయన మంచివాడు, మోసం చేయాలని చేయలేదు. కానీ మారే అంకెను తాళం వెనక పెట్టాడు. మారే అంకె ఎప్పుడూ సెల్‌లో ఉండాలి. పాస్‌వర్డ్ పెడితే దాన్ని కాగితం మీద రాసి యజమాని బీరువాలో పెట్టాలి. ఇప్పుడు మాకు ఎవరు పని చేసినా ముందు అడిగేది అదే.

జిల్లా_ఫారాలు
పాలకొల్లు_కిరాణా గారి లాంటిదే మాది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. మేము వాడే టెంప్లేట్‌లో జిల్లాల పేర్లు కోడ్‌లోనే రాసి ఉన్నాయి. ఏలూరు పశ్చిమ గోదావరి కిందే వస్తోంది, అమలాపురం తూర్పు గోదావరి కిందే వస్తోంది. కైకలూరు అయితే కృష్ణాలోనే ఉండిపోయింది. పైగా పశ్చిమ గోదావరి అన్న పేరు అలాగే ఉంది, కేంద్రం భీమవరం అయింది. పేరు సరిపోతోంది కాబట్టి తప్పు కంటికి కనపడదు. రెండు నెలల ఫారాలు వెనక్కి వచ్చాక తెలిసింది.

తణుకు_మిల్లు
సరే, ఒప్పుకుంటాను. నా 67 కూడా సెల్‌లోకి తెస్తాను. కానీ సెల్‌లో పెడితే ఎవరైనా మార్చేస్తారు కదా?

పాత_ఫ్లాపీ
ఆ సెల్స్ ఉన్న షీట్‌ని ప్రొటెక్ట్ చేయండి. మాక్రో మాత్రం రాయగలగాలంటే యూజర్ ఇంటర్‌ఫేస్ ఓన్లీ ట్రూ అని ఇవ్వండి. అయితే ఆ సెట్టింగు ఫైల్ మూసేస్తే పోతుంది, మళ్ళీ తెరిచినప్పుడు ఉండదు. ఫైల్ తెరవగానే నడిచే వర్క్‌బుక్ ఓపెన్‌లో ప్రతిసారీ ఇవ్వాలి. చాలామంది ఒక్కసారి ఇచ్చి, మర్నాడు మాక్రో ఎర్రర్ ఇస్తోందని తల పట్టుకుంటారు.

సార్వా_దాళ్వా
రేట్ల షీట్‌ని వెరీ హిడెన్ చేస్తే? మామూలు హైడ్ అయితే కుడి క్లిక్‌తో అన్‌హైడ్ చేసేస్తారు. వెరీ హిడెన్ ఆ జాబితాలోనే రాదు. వీబీఏ ఎడిటర్‌లో ఎఫ్4 కొట్టి విజిబుల్ దగ్గర 2 పెట్టడమే.

మాడ్యూల్_మాస్టారు
పెట్టొచ్చు, పొరపాటున ఎవరూ తాకరు. రహస్యం మాత్రం దాగదు. ఇంకో ఖాళీ వర్క్‌బుక్‌లో ఆ ఫైల్ పేరు, షీట్ పేరు, సెల్ నంబరు రాసి ఫార్ములా కొడితే విలువ వచ్చేస్తుంది. షీట్ ప్రొటెక్షన్, ప్రాజెక్ట్ పాస్‌వర్డ్ కూడా పట్టుదల ఉన్నవాడిని ఆపలేవు. నిజంగా ఎవరూ చూడకూడనిది ఉంటే ఫైల్ తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టండి, అప్పుడు ఫైల్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది. లేదంటే దాన్ని ఆ ఫైల్లో పెట్టకండి.

గట్టు_రైతు
నేను మాక్రోలు రాసేవాడిని కాదు. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. 6 ఎకరాల చెరువు మాది. ఒక్క మాట అడగాలి.

మాకు ఇచ్చే చీటీ మీద బరువు, కౌంటు, రేటు, మొత్తం ఉంటాయి. బరువుని రేటుతో హెచ్చిస్తే ఆ మొత్తం రాదు. అడిగితే "తరుగు కంప్యూటర్ తీసేస్తుందండి" అంటారు. ఎంత తీసిందో చీటీలో ఉండదు. కిలోకి 40 రొయ్యలు తూగితే ఒక రేటు, 50 తూగితే ఒక రేటు అని మాకూ తెలుసు, గట్టు మీద మా కళ్ళ ముందే లెక్కపెడతారు. నీరు కారడానికి కొంత తీస్తారు, అదీ తెలుసు. ఎంత అన్నదే తెలియాలి. మీరందరూ లోపల దాచడం గురించి మాట్లాడుతుంటే నాకు ఆ తరుగే గుర్తొచ్చింది. ఇది కాటా_లెక్క గారిని అనడం కాదు, మేము అమ్మే చోటు వేరు.

సార్వా_దాళ్వా
ధాన్యంలోనూ ఇదే గొడవండి. తేమ 17 శాతం దాటితే తరుగు అంటారు. 75 కిలోల బస్తాకి ఎంత తీశారో కాగితం మీద ఉంటే రైతు ఏమీ అనడు. కాగితం మీద లేనప్పుడే నోరు లేస్తుంది.

కాటా_లెక్క
గట్టు_రైతు గారూ, మీ మాట చదివి ఫైల్ తెరిచి చూశాను. మా దాంట్లోనూ తరుగు కోడ్‌లోనే ఉంది. చీటీలో విడిగా రాదు. దాచాలని కాదు, రాసిన రోజు అలా రాశాను, తరవాత తిరిగి చూడలేదు. అయినా అందుకునేవాళ్ళకు రెండూ ఒకటే.

ఈ రాత్రే మారుస్తున్నాను. తరుగు శాతానికి ఒక సెల్, చీటీలో విడిగా ఒక లైను: కాటా బరువు, తరుగు, నికర బరువు. ఓనరు గారితో మాట్లాడాను. ముందు కొంచెం ఆలోచించారు, తరవాత "ఎలాగూ తీసేదే కదా, రాయి" అన్నారు.

గట్టు_రైతు
ఆయ్, చాలా సంతోషం బాబూ.

అమలాపురం_అమ్మాయి
ఇంకో విషయం కాటా_లెక్క గారూ. ఇప్పుడు మార్చిన ఫైల్ ఆ కుర్రాళ్ళందరికీ మళ్ళీ పంపాలి కదా? పాత కాపీలు ఎన్ని తిరుగుతున్నాయి?

కాటా_లెక్క
అదే ఇప్పుడు టెన్షన్. 6 ల్యాప్‌టాప్‌లు. ప్రతి పట్టుబడికీ సేవ్ యాజ్ చేసిన ఫైళ్ళు వందల్లో ఉన్నాయి, అన్నిట్లోనూ పాత కోడే. నిన్న ఒక కుర్రాడు పోయిన నెల ఫైల్ తెరిచి, అంకెలు చెరిపి, దాన్నే మళ్ళీ వాడాడు. ఇంకో వింత ఏమిటంటే, కొత్త ఫైల్ మెయిల్లో పంపితే ఎర్ర పట్టీ వచ్చి మాక్రోలు అసలు నడవవు, ఎనేబుల్ బటనే ఉండదు. అదే ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తే మామూలు పసుపు పట్టీ వచ్చి నడుస్తోంది.

పాత_ఫ్లాపీ
పెన్‌డ్రైవ్ సంగతి ముందు చెప్తాను. నెట్ నుంచి వచ్చిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు ఉన్న ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే ఆపేస్తోంది. మాక్రోలతో వైరస్‌లు పంపేవాళ్ళు ఎక్కువై అలా చేశారు, మంచిదే. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులోనే నిలుస్తుంది. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయి ఉంటుంది, అందులోకి కాపీ కాగానే గుర్తు పోతుంది.

మెయిల్లో వచ్చిన ఫైల్ మీదే అని రూఢి అయితే, దాని మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్ పెట్టండి. ఎవరో పంపిన ఫైల్‌కి మాత్రం అలా చేయొద్దని కుర్రాళ్ళకు గట్టిగా చెప్పండి. మాక్రో సెట్టింగ్స్‌లో "అన్నీ ఎనేబుల్" ఎప్పుడూ పెట్టకండి.

మాడ్యూల్_మాస్టారు
పాత కాపీల జబ్బుకి మందు యాడ్‌ఇన్ అండి, అంటే ఎక్సెల్‌తో పాటే వెనక తెరుచుకునే విడి కోడ్ ఫైల్. కోడ్ మొత్తం ఒక ఎక్స్‌ఎల్‌ఏఎమ్ ఫైల్లోకి తీసుకెళ్ళండి. టెంప్లేట్‌లో కోడ్ ఉండదు, ఉత్త సెల్స్, ఫార్ములాలే. కాబట్టి అది మామూలు ఎక్స్‌ఎల్‌టీఎక్స్‌గా ఉంటుంది. రెండు సార్లు క్లిక్ చేస్తే కొత్త కాపీ తెరుచుకుంటుంది, అసలుది పాడు కాదు, మెయిల్లో పంపినా మాక్రో గొడవ ఉండదు. కోడ్ మారిస్తే 6 ల్యాప్‌టాప్‌లలో ఒక్కో ఫైల్ మారిస్తే చాలు, వందల ఫైళ్ళ జోలికి పోనక్కర్లేదు. యాడ్‌ఇన్‌లో ఉన్న మాక్రోలు ఆల్ట్ ఎఫ్8 జాబితాలో ఎలాగూ రావు, మీ మొదటి ప్రశ్న కూడా అక్కడితో తీరిపోతుంది.

మార్చేటప్పుడు జాగ్రత్తగా చూడాల్సింది ఒకటి. కోడ్‌లో దిస్ వర్క్‌బుక్ అని ఉన్న ప్రతి చోటా ఆగండి. యాడ్‌ఇన్‌లో దిస్ వర్క్‌బుక్ అంటే ఆ యాడ్‌ఇనే, మీ కాటా షీట్ కాదు. అక్కడ యాక్టివ్ వర్క్‌బుక్ కావాలి. తుడిచే మాక్రోలో అయితే ఊరికే యాక్టివ్ అని వదలకండి. తెరిచి ఉన్నది మీ టెంప్లేట్ నుంచి వచ్చినదేనా అని ఒక సెల్‌లో గుర్తు పెట్టి, చూసుకున్నాకే తుడవండి. లేకపోతే ఇంకెవరి జీతాల షీటో తుడుచుకుపోతుంది.

కడియం_నర్సరీ
పర్సనల్ ఎక్స్‌ఎల్‌ఎస్‌బీలో పెడితే చాలదా? అదీ కనపడకుండా వెనక తెరుచుకునే ఉంటుంది కదా.

అమలాపురం_అమ్మాయి
అది ఒక్కరి సొంత మాక్రోలకు బాగుంటుంది. పదిమందికి పంచాలంటే ఒక్కొక్కరి పర్సనల్ ఫైల్లో వాళ్ళవి వేరే ఉంటాయి, మీది పెడితే వాళ్ళవి పోతాయి. పైగా అందులోవి ఆల్ట్ ఎఫ్8లో కనపడతాయి.

పాలకొల్లు_కిరాణా
మా తమ్ముడు ఫోన్లోనే బిల్లులు చూస్తాడు. యాడ్‌ఇన్ ఫోన్లో నడుస్తుందా?

మాడ్యూల్_మాస్టారు
నడవదండి. ఫోన్ ఎక్సెల్‌లో వీబీఏ లేదు, గూగుల్ షీట్స్‌లో కూడా నడవదు. అందుకే లెక్క ఎంత వీలైతే అంత ఫార్ములాల్లో ఉంచి, ప్రింటు, కాపీ, తుడవడం లాంటివే మాక్రోకి వదలమంటాను. అప్పుడు ఫోన్లో తెరిచినా అంకె సరిగ్గా కనపడుతుంది.

కాటా_లెక్క
పది రోజులు పట్టింది, ఇప్పుడే అన్నీ పూర్తయ్యాయి. తరుగు, కౌంటు, రేటు అన్నీ సెల్స్‌లో, ఫార్ములాల్లో ఉన్నాయి. కోడ్ యాడ్‌ఇన్‌లోకి వెళ్ళింది. 14 మాక్రోలు కాస్తా 5 అయ్యాయి, లెక్క ఫార్ములాల్లోకి రాగానే మిగతావి అక్కర్లేకుండా పోయాయి. తుడిచే ముందు కాపీ తీస్తోంది, తెలుగులో అడుగుతోంది, వెలుగు "వద్దు" మీద ఉంటోంది. పాస్‌వర్డ్ కాగితం ఓనరు గారి బీరువాలో ఉంది, యాడ్‌ఇన్ ఒక కాపీ కూడా అక్కడే పెన్‌డ్రైవ్‌లో ఉంది.

నిన్న ఉండి దగ్గర పట్టుబడికి ఆ కుర్రాడినే పంపాను. చీటీలో తరుగు లైను చూసి రైతు గారు ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మూడు సార్లు కొట్టి చూసుకున్నారట. సరిపోయిందని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారట.

తణుకు_మిల్లు
తుడిచే ముందు కాపీ తీసే ఆ ముక్క ఇక్కడ పెడతారా? మా మిల్లు ఫైల్లో రేపే పెట్టుకుంటాను.

కాటా_లెక్క
పెడతానండి, సాయంత్రం. ఇప్పుడు కాటా దగ్గర ఉన్నాను.